కట్టుడు పళ్ళు తీసి పాడిన పాట

పోయిన వారం మనం పళ్ళక్కను వేదిక వెనక గది గుమ్మంలో నిలబెట్టి వచ్చేశాం. పాపం, అప్పటి నుంచీ అక్కడే ఉంది, ఒక కాలు లోపల, ఒక కాలు బయట. మధ్యలో వచ్చి కూర్చున్నవాళ్ళ కోసం రెండు ముక్కలు చెప్పి ముందుకు వెళ్తాను.

పళ్ళక్కది కట్టుడు పళ్ళు చేసే వర్క్‌షాపులో ఉద్యోగం. ఊళ్ళో సగం మంది దంతవైద్యులు నోటి అచ్చులు అక్కడికే పంపిస్తారు. పళ్ళ పని అంటే అరటిపళ్ళ బండి అనుకుని డజనెంత అని అడిగినవాళ్ళూ ఉన్నారు. మంచం పట్టిన తండ్రికి చాకిరీ చేస్తూ చేస్తూ నలభై దాటించేసుకుంది. తండ్రి పోయాక తమ్ముడింట్లో ఆయన గదే ఆమె గది అయింది. పని నుంచి వచ్చి ఆ గదిలో కూర్చుంటే సాయంత్రాలు ఎంతకీ గడిచేవి కావు. అప్పుడు మొదలుపెట్టింది కచేరీలకు వెళ్ళడం. చిన్నప్పుడు రేడియోలో విని ప్రాణం పెట్టుకున్న గాయకుడు ఒకాయన ఇంకా అక్కడా ఇక్కడా పాడుతూనే ఉన్నాడు. అభిమానులు ఆయన్ను పెద్దాయన అంటారు. ఏడాదిగా ఆయన ఎక్కడ పాడితే ఈమె అక్కడ. ఆ ఏడాదిలోనే ఆయన పాట నెలనెలా చిక్కిపోతూ వచ్చింది. ఈ సాయంత్రం కచేరీ మొదలయ్యే ముందు, తలుపు దగ్గర తచ్చాడుతున్న ఈమెను పెద్దాయన కూతురు గుర్తుపట్టింది. ప్రతిచోటా కనిపించే ముఖం కదా అని జాలిపడి, ఒక్క నిమిషం పలకరించి వచ్చెయ్యమని లోపలికి పంపింది.

తలుపు తోసేసరికి పెద్దాయన అద్దం ముందు కూర్చుని, నోట్లోంచి పై పళ్ళసెట్టు తీసి నీళ్ళ గ్లాసులో వేస్తున్నాడు. ఆ సెట్టు పళ్ళక్క చేసిందే. అక్కడ ఆపాం.

ఒక్క చూపులో ఎలా పోల్చుకుంది అని మీకు అనుమానం రావచ్చు. కట్టుడు పళ్ళన్నీ ఒకలాగే ఉంటాయని మనం అనుకుంటాం గానీ చేసినవాళ్ళకు తమ చేతిపని తెలియకుండా పోదు. పళ్ళక్కకు రెండు అలవాట్లున్నాయి. ముందు పళ్ళకు పక్కనుండే చిన్న పన్నును ఎప్పుడూ రవ్వంత తిప్పి పెడుతుంది. అన్నీ తిన్నగా ఉంటే మనిషి నవ్వు బొమ్మ నవ్వులా ఉంటుందని ఆమె వాదన. రెండోది, అంగిట్లో సహజంగా ఉండే ముడతలను మైనం మీద చిన్న కత్తితో ఒక్కొక్కటీ చెక్కుతుంది. మిగతావాళ్ళు ఆ చోటు నున్నగా వదిలేస్తారు. నోటి లోపలికి వెళ్ళి ఎవడు చూడొచ్చాడు అని వర్క్‌షాపు యజమాని సణుగుతాడు. నాలుక చూస్తుంది కదండీ అని ఈమె జవాబు.

గ్లాసులో ఉన్న సెట్టుకు ఆ వంకర పన్నూ ఉంది, ఆ ముడతలూ ఉన్నాయి. వాటికంటే పెద్ద గుర్తు ఇంకొకటి ఉంది. అంగిటిని కప్పే గులాబీ రంగు పలక మామూలు దానికి రెండింతలు మందం. అలాంటిది ఆమె తన ఉద్యోగంలో ఒక్కటే చేసింది, మొన్న ఎండలు ముదిరిన రోజుల్లో. వర్క్‌షాపుకు వచ్చే అచ్చుల మీద పేర్లుండవు, నంబర్లే ఉంటాయి. ఆ అచ్చు పంపిన దంతవైద్యుడు ఫోను చేసి పలక బాగా మందంగా ఉండాలన్నాడు. అంత మందమైతే నోట్లో ముద్ద పెట్టుకుని మాట్లాడినట్టుంటుంది డాక్టరుగారూ, మాట తేలదు అని ఆమె చెప్పి చూసింది. చెప్పింది చెయ్యమ్మా, నీకెందుకు అని ఆయన ఫోను పెట్టేశాడు. నిజమే, తనకెందుకు అనుకుంది. ఎవరో పెద్దవయసాయన, పాత సెట్టు విరగ్గొట్టుకుని భయపడి ఉంటాడనుకుంది. మెరుగు పెట్టి, తడిబట్టలో చుట్టి, డబ్బాలో పెట్టి పంపేసి మర్నాటికి మరిచిపోయింది.

ఆ తర్వాత కచేరీ కాలేజీ మైదానంలో జరిగింది. వాన పడుతుంటే గొడుగుల కింద నిలబడి విన్నారు. పెద్దాయన మాటలు ముద్దముద్దగా వినిపించిన మొదటి కచేరీ అదే. పళ్ళక్క ఆ రోజు తన చెవుల్లోకి నీళ్ళు పోయాయేమో అనుకుంది. ఆ తర్వాత మిల్లు కార్మికుల క్యాంటీనులో, ఆ తర్వాత బల్లకట్టు దాటి వెళ్ళిన చిన్న ఊళ్ళో, ప్రతిచోటా అంతే. చరణాలు చరణాలు నోట్లోనే ఉండిపోయేవి.

కచేరీ అయ్యాక అభిమానులంతా బయట టీకొట్టు దగ్గర చేరడం ఆనవాయితీ. అక్కడొక కట్టుబాటు ఉంది. పెద్దాయన గురించి తక్కువ మాట అనకూడదు. ఎవరు పెట్టారో తెలియదు గానీ దాన్ని కాపాడేది మాత్రం మొదటి వరుస మావయ్య. రైళ్ళలో టికెట్లు తనిఖీ చేసి రిటైరైన మనిషి, ఎక్కడికి వెళ్ళినా అందరికంటే ముందొచ్చి మొదటి వరసలో కూర్చునే మనిషి. పెద్దాయన శ్రుతి దించి పాడితే ఈవేళ గంభీరంగా ఉంది అనేవాడు. చరణం మింగేస్తే భావం కోసం ఆపాడు అనేవాడు. ఒకసారి బ్యాంకులో పనిచేసే ఒకావిడ, గొంతు కొంచెం బాగా లేదేమో అని నసిగింది. టీ గ్లాసులు పట్టుకుని ఒక్కొక్కరే పక్కకు జరిగిపోయారు, ఆవిడ ఒక్కతే మిగిలింది. మళ్ళీ కచేరీకి ఆవిడ రాలేదు. పళ్ళక్క ఆ జరిగినవాళ్ళలో ఉంది. బాగుంది బాగుంది అని తల ఊపి ఇంటికి వచ్చి, తండ్రి పోయిన మంచం మీదే పడుకుని ఏడ్చేది. పొద్దున్నే కళ్ళు చూసి మరదలు, డబ్బులిచ్చి మరీ ఏడుపు కొనుక్కొస్తున్నావేంటి వదినా అనేది. ఆ మాటలో వెటకారం ఎంతుందో బెంగ కూడా అంతే ఉండేది.

ఇదంతా గుమ్మంలో నిలబడ్డ ఆ క్షణంలో పళ్ళక్క బుర్రలో గిర్రున తిరిగింది. ఇన్ని నెలలుగా తనను ఏడిపించినదాన్ని తన చేతులే చేసి, మెరుగు పెట్టి, డబ్బాలో పెట్టి పంపాయన్నమాట.

పెద్దాయన అద్దంలో ఆమెను చూసి గబుక్కున తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకున్నాడు. కచేరీ కోసం జుట్టు నున్నగా దువ్వుకున్నాడు, చొక్కాకు ఇస్త్రీ మడతలు నిలబడి ఉన్నాయి, ముఖం మాత్రం పళ్ళు లేక ఒక్కసారిగా పదేళ్ళు పెరిగి లోపలికి పోయింది. కూతురు పరుగున వచ్చి, నాన్న తయారవుతున్నారు, కాసేపాగి రండి అని పళ్ళక్క భుజం పట్టుకుని వెనక్కు లాగబోయింది. పళ్ళక్క కదల్లేదు. ఆయన్ను ఎప్పుడైనా కలిస్తే ఏం చెప్పాలో ఎన్నోసార్లు లోపల చెప్పుకుని సిద్ధంగా పెట్టుకుంది. మీ పాట లేకపోతే మా నాన్న మంచం పట్టిన రోజులు గట్టెక్కేదాన్ని కాదని, అలాంటివి. నోరు తెరిస్తే వచ్చింది వేరు.

"ఆ పళ్ళు నేను చేశాను సార్."

కూతురికి అర్థం కాలేదు. పెద్దాయనకు అయింది. తువ్వాలు చాటునే నవ్వాడు, గ్లాసులోంచి సెట్టు తీసి, విదిలించి, పెట్టుకుని, ఇటు తిరిగాడు. తన నోరు ఇంత బాగా తెలిసిన అభిమాని ఇంకొకరు ఉండరని చెప్పి, కూర్చోమని కుర్చీ చూపించాడు. పళ్ళక్క కూర్చోలేదు. నిలబడే చెప్పింది. దంతవైద్యుడి ఫోను దగ్గర మొదలుపెట్టి, పలక మందం దగ్గరికి వచ్చి, కాలేజీ మైదానం వాన దాకా, ఊపిరి పీల్చుకోకుండా చెప్పేసింది. అంత మందమైన పలక నోట్లో ఉంటే నాలుకకు చోటుండదని, ఏ అక్షరమూ తిన్నగా బయటికి రాదని, మాట తేలడం కోసం గొంతును బలవంతపెట్టాల్సి వస్తుందని, ఆ బలవంతంతోనే గొంతు అలిసిపోతుందని వివరించింది.

"మీ పాట పాడైంది నా వల్ల సార్. నాకు తెలిసి కూడా చేశాను. అలా చెయ్యకూడదని తెలుసు."

ఇప్పుడు తిడతారు అనుకుని తల దించుకుంది. తిట్లు రాలేదు. కూతురు అక్కడున్న వాయిద్యాల పెట్టె మీద కూలబడి రెండు చేతులతో ముఖం కప్పుకుంది. భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తోందనుకుంది పళ్ళక్క. కాదు, ఆ మనిషి నవ్వుతోంది. ఆర్నెల్లుగా ఎక్కని ఆసుపత్రి మెట్లు లేవు, గొంతు వైద్యుల్ని ముగ్గుర్ని మార్చింది, ఆవిర్లు పట్టింది, ఇంట్లో ఫ్రిజ్జు నీళ్ళకు తాళం వేసినంత పని చేసింది, హోటలు గదుల్లో ఏసీ ఆపించి తనూ ఉక్కపోతలో పడుకుంది. ఇన్ని చేస్తే చివరికి పళ్ళా?

"అంటే నాన్న గొంతుకు ఏం కాలేదన్నమాట" అంది, పళ్ళక్క రెండు చేతులూ పట్టుకుని. "పళ్ళు మారిస్తే చాలు కదండీ? ఎన్నాళ్ళు పడుతుంది?"

అచ్చు ఇంకా వర్క్‌షాపు అల్మరాలోనే ఉందని, మిగతా పనులు పక్కన పెట్టి కూర్చుంటే రెండు రోజుల్లో పల్చటి సెట్టు చేసేస్తానని పళ్ళక్క చెప్పింది. ఇంతకుముందు క్షణం దాకా నేల చీలితే లోపలికి పోదామనుకున్న మనిషికి ఇప్పుడు కాళ్ళు నేల మీద ఆనడం లేదు. తప్పు తనదైతే దిద్దాల్సింది కూడా తనే. చేసిన చేతులున్నాయి, మైనం ఉంది, అచ్చు ఉంది. తప్పు చేశానని తెలిసి ఒక మనిషి ఇంత సంతోషించడం నేనైతే ఎక్కడా చూడలేదు. కూతురు అప్పుడే ఫోను తీసి, వచ్చే వారం కచేరీ ఒక్క పదిరోజులు వాయిదా వెయ్యాలని ఎవరితోనో చెప్పడం మొదలుపెట్టింది.

పెద్దాయన మాత్రం వీళ్ళిద్దరి హడావిడినీ అద్దంలో చూస్తూ కూర్చున్నాడు. కాసేపటికి, ఫోను పెట్టేసి తలుపు వెయ్యమని కూతురికి చెప్పాడు. తర్వాత సెట్టు మళ్ళీ నోట్లోంచి తీసి, తువ్వాలుతో తుడిచి, పళ్ళక్క అరచేతిలో పెట్టాడు. కుర్చీలోంచి లేచి గది మధ్యకు వచ్చి నిలబడ్డాడు.

ఆయన పేరు చెప్తే ఎవరికైనా ముందు గుర్తొచ్చేది పడవపాట. అది మాటలతో మొదలుకాదు. అవతలి ఒడ్డున ఉన్న పడవవాణ్ణి పిలిచే కేకతో మొదలవుతుంది. ఓ అని సన్నగా ఎత్తుకుని, పైకి, ఇంకా పైకి తీసుకెళ్ళి, అక్కడ కాసేపు నిలబెట్టి వదిలేస్తాడు. ఆ కేకలో అక్షరాలు లేవు. దానికి పళ్ళతో పనిలేదు, నాలుకతో పనిలేదు. గొంతుంటే చాలు. పళ్ళక్క చిన్నప్పుడు రేడియోలో ఆ కేక వినిపిస్తే ఇంట్లో ఎక్కడున్నా పరుగెత్తుకొచ్చేది.

పెద్దాయన కళ్ళు మూసుకుని ఎత్తుకున్నాడు.

మొదట్లో బాగానే ఉంది. బాగానే ఉందేమిటి, అచ్చం అదే. కూతురు ఆనందంతో నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. కేక మెల్లగా పైకి వెళ్ళింది. ఎక్కడైతే అది విచ్చుకోవాలో అక్కడ చీలిపోయింది. చీలి, రెండు సన్నటి ధ్వనులై, ఒకటి ఆగిపోయి, రెండోది వట్టి గాలి అయింది. ఆయన ఆపలేదు. ఆ గాలినే పట్టుకుని ఇంకా పైకి తోయడానికి చూశాడు. మెడ నరాలు ఉబ్బాయి, ముఖం కందిపోయింది, పెదవులు కేక ఆకారంలోనే ఉన్నాయి, చప్పుడు మాత్రం లేదు. పాడుతున్న మనిషి ఎదురుగా ఉండి పాట లేకపోవడం ఎంత భయంకరంగా ఉంటుందో ఆ గదిలో ఉన్న ముగ్గురికే తెలుసు.

ఆయన వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. చెయ్యి చాపితే పళ్ళక్క సెట్టు ఇచ్చింది. పెట్టుకున్నాడు.

"చూశావుగా తల్లీ. పళ్ళది తప్పు లేదు. మందంగా చెయ్యమని ఆ డాక్టర్ని అడిగింది నేనే."

మిగతాది ఆయన తాపీగా, ఎవరిదో కథ చెప్తున్నట్టు చెప్పాడు. పోయిన చలికాలంలో సినిమాహాల్లో పాడుతుండగా ఆ కేక సగంలో గొంతు జారిపోయిందట. జలుబు కాదని, మళ్ళీ రాదని ఆ క్షణంలోనే ఆయనకు తెలిసిపోయిందట. కొన్నాళ్ళకు పాత సెట్టు అరిగిపోయి కొత్తది చేయించుకోవాల్సి వచ్చింది. అప్పుడు తట్టింది ఆ ఆలోచన. నోట్లో పెద్ద పలక ఉంటే మాట పాడవుతుంది. మాట పాడైతే జనం పళ్ళ వంక చూస్తారు, గొంతు వంక చూడరు. దంతవైద్యుడు వద్దని వాదించాడు. ఈయన వినలేదు.

"పాపం, కొత్త పళ్ళు, అలవాటు పడాలి అనుకుంటారు. అలా అనుకుంటే ఒక ఏడాది గడిచిపోతుంది కదా అని ఆశపడ్డాను" అన్నాడు. "మొదట్లో నేనే నమ్మేశాను. పొద్దున్నే అద్దం ముందు, ఈ దిక్కుమాలిన పళ్ళు అని తిట్టుకునేవాణ్ణి. తిట్టుకుంటే ఎంత హాయిగా ఉండేదో."

కూతురు లేచి నిలబడింది. బడిలో టీచరు ఉద్యోగం మానేసి రెండేళ్ళుగా తండ్రి వెంట ఊళ్ళు తిరుగుతోంది ఆమె. ఆసుపత్రుల వరండాల్లో ఆమె కూర్చున్న గంటలన్నీ ఆయన పక్కనే కూర్చున్నాడు, ఒక్కసారైనా నోరు విప్పలేదు.

"నాకైనా చెప్పాల్సింది నాన్నా" అంది.

నీకు చెప్తే కచేరీలు ఆపించేస్తావు అన్నాడాయన. ఆమె తలుపు తీసుకుని బయటికి వెళ్ళింది. నడవాలో గోడకు ఆనుకుని నేల మీద కూర్చోవడం తెరిచిన తలుపులోంచి కనిపించింది.

పళ్ళక్క నిలబడ్డ చోటే నిలబడి ఉంది. తప్పు తనది కాదు. ఇందాక ఎవరైనా ఈ మాట చెప్తే కాళ్ళు పట్టుకునేది. ఇప్పుడు ఆ మాట ఆమె నెత్తిన బండలా పడింది. తనది కాని తప్పును దిద్దడం తన చేతిలో లేదు. వర్క్‌షాపు అల్మరాలో అచ్చు ఉంటే ఏమిటి, లేకపోతే ఏమిటి. మైనంతో, ప్లాస్టరుతో అయ్యే పని కాదిది. సార్, ఇంకోసారి పాడి చూడండి, పళ్ళే అయ్యుండొచ్చు అని బతిమాలాలనిపించింది. సిగ్గేసి ఊరుకుంది.

గోడ అవతల వాయిద్యాలవాళ్ళు శ్రుతి చేసుకుంటున్నారు. హాలు నిండుతున్న రొద వినిపిస్తోంది. పెద్దాయన చొక్కా చేతులు సవరించుకుని, ఈ ఏడాది కచేరీలన్నిటికీ వచ్చింది నువ్వే కదూ అని అడిగాడు. అవునంది. అన్నీ విన్నావా అన్నాడు. అన్నీ విన్నానంది.

"నా చుట్టూ ఉన్నవాళ్ళెవరూ నాకు నిజం చెప్పరు. నేనూ వాళ్ళకు చెప్పలేదనుకో. నువ్వు చెప్పు. ఈవేళ ఎక్కమంటావా, వద్దంటావా? నువ్వెలా అంటే అలా."

నోటి చివరిదాకా వచ్చింది 'బాగుంది' అనే మాట. ఏడాదంతా టీకొట్టు దగ్గర అని అని నాలుకకు అలవాటైపోయిన మాట. అది అనేస్తే చాలు, ఇంకో కచేరీ ఉంటుంది, ఆ తర్వాత మరొకటి ఉంటుంది. పొద్దున్న వర్క్‌షాపులో మైనం కరిగిస్తూ ఫలానా తారీఖుకు ఫలానా ఊరు అనుకోవడానికి ఏదో ఒకటి ఉంటుంది. బస్సులో కిటికీ పక్క సీటు, హాలు బయట వరస, దీపాలు ఆర్పేముందు అందరూ ఒక్కసారి దగ్గడం, ఇవన్నీ ఉంటాయి. వద్దంటే ఏముంటుంది? పని, పని నుంచి ఆ గది, ఆ గదిలో తండ్రి మంచం. పెద్దాయన పాట చచ్చిపోయి చాలా రోజులైందని ఆమెకు తెలుసు. ఆ శవం పక్కన కూర్చోవడానికైనా ఒక చోటు ఉందన్న ధైర్యంతోనే ఇన్నాళ్ళూ బతికింది. ఇప్పుడు ఆ చోటు కూడా తన నోటితోనే లేకుండా చేసుకోవాలి.

"వద్దు సార్."

ఆయన తల పంకించాడు. ఎప్పటి నుంచి తెలుసని అడిగాడు. సినిమాహాలు నుంచే అని ఒప్పుకుంది. ఆ రోజు కేక సగంలో పెద్దాయన, వయొలిన్ వాయించే ఆయన వైపు చెయ్యి చూపించి పాట వదిలేశాడు. జనం అదేదో కొత్త పద్ధతి అనుకుని చప్పట్లు కొట్టారు. పళ్ళక్క కూడా కొట్టింది, తెలిసే కొట్టింది. ఇందాక నింద పళ్ళ మీద వేసుకున్నప్పుడు ఆ సంగతి మరిచిపోవచ్చని ఆశపడింది.

"అప్పట్నుంచీ తెలిస్తే మరి ఎందుకొచ్చావు ఇన్నిసార్లు?"

"ఇంకెక్కడికి వెళ్ళాలో తెలియక సార్."

పెద్దాయన తువ్వాలు మడిచి అద్దం ముందు పెట్టాడు.

"నేనూ అంతే" అన్నాడు.

బయట ఎవరో వచ్చి, హాలు నిండిపోయింది, రమ్మంటున్నారని చెప్పి వెళ్ళారు. ఆయన లేచాడు. రద్దయిందని కబురు పంపుతాడు కాబోలు అనుకుంది పళ్ళక్క. ఆయన, ఇక దీని చాటు వద్దన్నట్టు, నోట్లోంచి సెట్టు తీసి ఆమె చేతిలో పెట్టి, వేళ్ళు మూసేశాడు. తర్వాత అదే చెయ్యి మణికట్టు దగ్గర పట్టుకుని నడిపించుకుంటూ బయల్దేరాడు. నడవాలో కూతురు తలెత్తి చూసింది గానీ లేవలేదు. మెట్లెక్కుతుంటే, సార్ నన్నెందుకు అని పళ్ళక్క గొణిగింది. ఆయన వినిపించుకోలేదు. ముసలి చేతిలో అంత పట్టు ఉంటుందని ఆమె అనుకోలేదు.

తెర పక్క నుంచి వేదిక మీదికి రాగానే దీపాల వెలుగు కళ్ళలో కొట్టింది. హాలంతా లేచి నిలబడింది. చప్పట్లు ఎంతకీ ఆగలేదు. ఆయన మైకు దగ్గరికి వెళ్ళి చెయ్యెత్తాడు. నిశ్శబ్దమయ్యాక నోరు తెరిచి మాట్లాడాడు. పెదవులు లోపలికి పోయిన ఆ నోటి నుంచి వచ్చినది, పెద్ద పెద్ద స్పీకర్లలో పడి హాలంతా బొంగురుగా మోగింది. ఒక్క ముక్క ఎవరికీ తెలియలేదు. వెనక నుంచి ఎవరో మైకు బాగా లేదని అరిచారు. ఇంకెవరో నవ్వారు. ఆయన మళ్ళీ చెప్పాడు, ఈసారి నెమ్మదిగా. అది సంజ్ఞ అనుకున్నాడో ఏమో, వయొలిన్ ఆయన పడవపాట ఎత్తుకున్నాడు. పాట గుర్తుపట్టి జనం హోరున చప్పట్లు కొట్టారు.

పళ్ళక్కకు మాత్రం ప్రతి మాటా అర్థమైంది. చివరి రెండేళ్ళూ ఆమె తండ్రి పళ్ళు పెట్టుకోలేదు. లోకానికంతా పళ్ళు చేసే కూతురు చేసిచ్చినవి బల్ల మీద పెట్టుకుని, వట్టి నోటితోనే మాట్లాడేవాడు. నీళ్ళంటే నీళ్ళని, నొప్పంటే నొప్పని ఇంట్లో ఆమెకొక్కదానికే తెలిసేది. ఇప్పుడు పెద్దాయన అన్నదీ అలాగే తెలిసింది. నా గొంతు పోయింది, మీకు చెప్పకుండా ఏడాది పాడాను, ఇక పాడను, క్షమించండి. రెండుసార్లూ అదే అన్నాడు.

ఆయన వయొలిన్ వైపు చూసి ఆపమన్నట్టు తల ఊపాడు. పాట ఆగింది. మైకు కడ్డీ మరను వదులు చేసి, పళ్ళక్క నోటి ఎత్తుకు దించి బిగించాడు. చెప్పు అన్నట్టు ఆమె వంక చూసి, వెనక్కు జరిగాడు. వేదిక మీద ఈ మనిషి ఎవరని వరసల్లో గుసగుసలు మొదలయ్యాయి. అన్ని వందల ముఖాలూ తనవైపే తిరిగి ఉన్నాయి. అందరూ ఏదో ఒక మంచిమాట కోసం చూస్తున్నారు. ఆమె చెప్పబోయేదే వాళ్ళకు ఆయన మాట. గొంతు కాస్త బాగాలేదు, వచ్చే నెల పాడతారట అన్నా నమ్ముతారు. సంతోషంగా ఇంటికి వెళ్తారు. వచ్చే నెల మళ్ళీ వస్తారు. తనూ వస్తుంది.

"సార్ ఏమంటున్నారంటే" అంది పళ్ళక్క.

తన గొంతు అంత పెద్దగా వినిపించేసరికి తనే ఉలిక్కిపడింది. హాలు సద్దుమణిగింది. ధైర్యం కోసం పక్కకు తిరిగి చూసింది. పెద్దాయన అక్కడ లేడు. వేదిక వెనక, వీధిలోకి తెరుచుకునే తలుపు బార్లా తీసి ఉంది.